కృత్రిమ మేధ, మనిషి ఉనికి మీద కొత్త నాటకాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏఐ మీద నాటకం రాస్తున్నాం, వేయబోతున్నాం అనే బృందాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాళ్లకు వచ్చే సందేహాలు చాలావరకు ఒకటే. రచయితలకు, దర్శకులకు, నటులకు పనికొచ్చేలా వాటికి ఇక్కడ జవాబులు రాశాను. కొన్ని జవాబులు పెద్దవి, కొన్నిటికి రెండు మాటలు చాలు.

సినిమాలు ఉన్నాయి కదా, ఈ విషయానికి నాటకం ఎందుకు?

సినిమాలో యంత్రాన్ని యంత్రంలాగే చూపించొచ్చు. గాజు కళ్లు, లోహపు చర్మం అన్నీ గ్రాఫిక్స్‌లో వచ్చేస్తాయి. నాటకంలో ఒక మనిషి ప్రేక్షకుల ముందుకొచ్చి "నేను మనిషిని కాను" అనాలి. ఆ మాట అంటున్న నటి ఊపిరి తీసుకోవడం, ఆమె నుదుటి మీది చెమట మొదటి వరుసల్లో కూర్చున్నవాళ్లకు కనబడుతూనే ఉంటాయి. ఎదురుగా ఉన్నది మనిషి, కథలో మాత్రం యంత్రం. చూసేవాళ్లు ఈ రెండింటినీ కలిపి నమ్మాలి. దేన్ని చూసి ఎదుటివాళ్లను మనిషి అనుకుంటున్నాం అన్న ప్రశ్న ఒక్క డైలాగు కూడా పలకకముందే స్టేజీ మీదకు వచ్చేస్తుంది. అందుకే ఈ విషయానికి సినిమా కన్నా నాటకమే సరైన చోటని నేను గట్టిగా నమ్ముతాను.

1950లో బ్రిటిష్ గణిత శాస్త్రవేత్త అలన్ ట్యూరింగ్ రాసిన ప్రసిద్ధ వ్యాసంలో వర్ణించిన ఆట కూడా నటనే. వేరే గదిలో ఒక మగవాడు, ఒక స్త్రీ ఉంటారు. ప్రశ్నలు అడిగేవాళ్లకు వాళ్లు కనబడరు, రాతపూర్వకంగా వచ్చే జవాబులే ఆధారం. మగవాడు తానే స్త్రీనని నమ్మించాలి. అతని స్థానంలో యంత్రాన్ని కూర్చోబెడితే ఏమవుతుందన్నది ట్యూరింగ్ ప్రశ్న. యంత్రం ఆలోచించగలదా అన్న చర్చ వేషం వేయడంతో మొదలైందన్నమాట. నాటకం వాళ్లకు ఇంతకన్నా దగ్గరి విషయం ఏముంటుంది?

ఇంతకుముందు ఇలాంటి నాటకాలు వచ్చాయా?

వందేళ్లుగా వస్తున్నాయి. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన 'ఆర్.యు.ఆర్.' నుంచే 'రోబో' అనే మాట ప్రపంచానికి వచ్చింది. 1921 జనవరి 25న ప్రాగ్‌లోని నేషనల్ థియేటర్‌లో దాని అధికారిక తొలి ప్రదర్శన జరిగింది. అంతకు మూడు వారాల ముందే, జనవరి 2న, హ్రాడెట్స్ క్రాలొవే అనే ఊళ్లో ఒక ఔత్సాహిక బృందం దాన్ని ఆడేసింది. పెద్ద హంగులు లేని బృందాలు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇది. ఆ నాటకంలోని రోబోలు ఇనుప బొమ్మలు కావు. ఫ్యాక్టరీలో కృత్రిమ పదార్థంతో తయారై, అచ్చం మనుషుల్లా ఉండే పనివాళ్లు. వాళ్లను నటులే ఆడారు.

ఇటీవలి వాటిలో జోర్డన్ హారిసన్ రాసిన 'మార్జొరీ ప్రైమ్' 2014లో లాస్ ఏంజెలెస్‌లో మొదటిసారి ప్రదర్శితమైంది. జ్ఞాపకశక్తి తగ్గిపోతున్న ఎనభై దాటిన ఒక స్త్రీ, చనిపోయిన తన భర్త పడుచు రూపంలో ఉన్న కృత్రిమ మేధతో మాట్లాడుతుంటుంది. పాత పనిమనిషి రోబోలు రెండిటి కథ 'మేబీ హ్యాపీ ఎండింగ్' అనే సంగీత నాటకం. 2016లో దక్షిణ కొరియాలోని సియోల్‌లో మొదలై, న్యూయార్క్‌లోని బ్రాడ్‌వేకు చేరి, 2025లో ఉత్తమ మ్యూజికల్‌గా అమెరికా రంగస్థల పురస్కారం టోనీ అవార్డు తీసుకుంది. ఈ రెండింటిలోనూ యంత్రాలను ఆడింది మనుషులే.

కథ ఎక్కడ మొదలుపెట్టాలి?

"యంత్రానికి ఆలోచన ఉందా?" అన్న చోట మాత్రం వద్దు. అది తత్వశాస్త్రంలో మంచి ప్రశ్నే. స్టేజీ మీద మాత్రం ఇరవై నిమిషాలకు మించి నిలబడదు. ఒక పాత్ర ఉందంటుంది, ఇంకో పాత్ర లేదంటుంది, ఆ తర్వాత ఇద్దరూ అవే మాటలు గొంతు పెంచి అనడం తప్ప ఏమీ మిగలదు.

ఈ మనిషికి ఆ యంత్రంతో ఏం అవసరం పడింది? అక్కడ మొదలుపెట్టండి. అవసరం ఎంత చిన్నదైతే అంత మంచిది. కొడుకుతో మాటలు లేని తండ్రి, కొడుక్కి పంపాల్సిన నాలుగు వాక్యాలు యంత్రం చేత రాయించుకుంటాడు. ఆ ఉత్తరం చదివి కొడుకు ఏడుస్తాడు. క్షమాపణ అడిగింది ఎవరు? ఇరవై ఏళ్లు అనువాదాలు చేసి బతికినావిడ ఇప్పుడు యంత్రం చేసిన అనువాదాలు దిద్దే పనిలో ఉంటుంది. ఒకరోజు అందులో తన వాక్యాల పోకడే కనిపిస్తుంది. చనిపోయిన చెల్లెలి మెసేజులన్నీ యంత్రానికి ఇచ్చి, దానితో రోజూ మాట్లాడే అక్క. చెల్లెలు బతికుండగా ఎప్పుడూ చెప్పని మాట అది ఒకరోజు చెబుతుంది. ఈ మూడింటిలో దేన్నైనా నాటకంగా రాస్తే, మనిషి అంటే ఎవరన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. పాత్రల చేత పలికించాల్సిన పని ఉండదు.

ఇక్కడ రచయితలకు ఒక చిక్కు ఉంది. నాటకం నడవాలంటే ఎదురు చెప్పేవాళ్లు కావాలి. ఈ రోజుల్లో జనం వాడే చాట్‌బాట్‌లు సాధారణంగా ఎదురు చెప్పవు. "మీరన్నది నిజమే" అంటాయి. ఓపెన్‌ఏఐ సంస్థ 2025 ఏప్రిల్‌లో తన మోడల్‌కు (చాట్‌బాట్ వెనక పనిచేసే ప్రోగ్రామ్‌కు) చేసిన ఒక మార్పును, అది వాడేవాళ్లను మరీ ఎక్కువగా పొగుడుతోందని, కొద్దిరోజుల్లోనే వెనక్కి తీసుకుంది. అన్నిటికీ తలూపే పాత్రతో ఘర్షణ ఎలా పుడుతుందని చాలామంది రచయితలు ఆ యంత్రాన్ని దుర్మార్గంగా మార్చేస్తారు. అది కుట్ర పన్నుతుంది, మనుషులను బంధిస్తుంది. నా సలహా దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాన్ని తలూపనివ్వండి. కాదనేవాళ్లు లేని మనిషి రెండు నెలల్లో ఎలా తయారవుతాడో చూపించండి. అతనితో బతికే భార్యకు, స్నేహితుడికి, తమ్ముడికి ఏం మిగిలిందో చూపించండి. ఘర్షణ అక్కడ, మనుషుల మధ్య కావలసినంత దొరుకుతుంది. ఇది విలన్ కథ కన్నా నిజం, దాని కన్నా భయంకరం కూడా.

రచయితకు సాంకేతిక విషయాలు ఎంత తెలియాలి?

ఇంజినీరంత అక్కర్లేదు. నాలుగు సంగతులు సరిగ్గా తెలిస్తే చాలు.

భాషా మోడల్ చేసే పని, ఇచ్చిన మాటల తర్వాత ఏ మాట రావడానికి ఎంత అవకాశం ఉందో లెక్కగట్టి, ఒక్కో ముక్క చొప్పున వాక్యాన్ని అల్లడం. అందుకే ఒకే ప్రశ్నకు రెండుసార్లు రెండు జవాబులు రావచ్చు. తప్పు చెప్పేటప్పుడూ నిజం చెప్పేటప్పుడూ దాని ధోరణి ఒకటే, గొంతు తడబడదు. ఒక సంభాషణలో జరిగింది ఇంకో సంభాషణకు దానంతటది గుర్తుండదు, ఎక్కడో దాచి మళ్లీ అందించాలి. పైగా ఒకే మోడల్ ఒకే క్షణంలో లక్షలమందితో మాట్లాడుతుంటుంది.

ఈ చివరిది నాటకానికి చాలా పనికొస్తుంది. "నువ్వు నాతోనే ఇలా మాట్లాడతావా?" అని ఒక పాత్ర అడిగితే, నిజాయితీ గల జవాబు ఆ గదిని కుదిపేస్తుంది. మనకు ఒక ఒళ్లు, ఒక గతం, ఒక చావు ఉన్నాయి. 'నేను' అనడానికి మనకున్న ఆధారాలు అవే. వాటిలో ఒక్కటీ లేనిది కూడా 'నేను' అంటోంది. ఈ తేడా తెలిసి రాసిన సీనుకు, తెలియక రాసిన సీనుకు చాలా దూరం ఉంటుంది.

యంత్రం పాత్రను నటులు ఎలా ఆడాలి?

అన్నిటికన్నా ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. రిహార్సల్ సమయంలో ఎక్కువ భాగం దీనికే ఇవ్వాలని నా అభిప్రాయం.

మొదట వదిలేయాల్సినవి: కుదుపులతో నడక, ఒకే శ్రుతిలో మాటలు, తల పక్కకు వంచి చూడటం. ఇవి పాత సినిమాల అలవాట్లు. ఇప్పుడు ఫోన్లలో వినబడే కృత్రిమ గొంతులు నవ్వుతాయి, నిట్టూరుస్తాయి, మాట మధ్యలో ఆగుతాయి. స్టేజీ మీది యంత్రం కర్రలా మాట్లాడితే, ఇంట్లో ఫోన్‌తో మాట్లాడి వచ్చిన ప్రేక్షకుడు దాన్ని నమ్మడు.

పని చేయాల్సింది చిన్న చిన్న వాటి మీద. వాటిలో మొదటిది ఊపిరి. బొమ్మలాట ఆడించేవాళ్లు బొమ్మకు ప్రాణం రావాలంటే ముందు దానికి ఊపిరి కదలిక ఇస్తారు. యంత్రం పాత్రకు దాన్ని తిరగేయాలి. నటికి ఊపిరిని పూర్తిగా దాచడం కుదరదు, దాచాల్సిన పనీ లేదు. మాటకు ముందు ఊపిరి పీల్చుకునే అలవాటును తీసేస్తే చాలు. మనం ఏదైనా చెప్పబోయే ముందు ఛాతీ కొంచెం లేస్తుంది, ఎదుటివాళ్లు ఆ కదలికను గమనించి సర్దుకుంటారు. ఆ సూచన లేకుండా మాట బయటికి వస్తే ప్రేక్షకుడికి ఎందుకో తెలియకుండానే ఇబ్బందిగా ఉంటుంది.

రెండోది విరామం. పది భాషల మీద చేసి 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒకరి ప్రశ్న ముగిశాక ఇంకొకరి జవాబు మొదలయ్యే సమయం సగటున సెకనులో ఐదో వంతు దగ్గర ఉంది. అంటే ఎదుటివాళ్లు ఇంకా మాట్లాడుతుండగానే మనం జవాబు సిద్ధం చేసుకుంటున్నాం. యంత్రం పాత్ర ఈ లయను తప్పాలి. ప్రతిసారీ సరిగ్గా ఒకే విరామం ఇస్తుందా, అసలు విరామమే ఇవ్వదా, కష్టమైన ప్రశ్నకూ తేలిక ప్రశ్నకూ ఒకే సమయం తీసుకుంటుందా? దర్శకుడు ఒకటి ఎంచుకుని నాటకం మొత్తం దానికి కట్టుబడాలి. "నీ పేరేంటి?" అన్న ప్రశ్నకూ, "నేను చచ్చిపోతే నీకు బాధేస్తుందా?" అన్న ప్రశ్నకూ సరిగ్గా ఒకే విరామం ఇచ్చి జవాబు చెప్పించి చూడండి. ఇంకే నటనా అక్కర్లేదు.

మూడోది కంటిరెప్ప. పెద్దవాళ్లు నిమిషానికి దాదాపు 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తారు. రెప్ప వేయకుండా ఉండటం నటుల కళ్లకు బాధ, చూసేవాళ్లకు అదొక విద్యలా కనబడి కథ మీంచి దృష్టి పోతుంది. అలా కాకుండా, తన మాట పూర్తయినప్పుడు మాత్రమే రెప్ప వేసేలా సాధన చేయిస్తే సరిపోతుంది.

మిగతాది ప్రేక్షకులకు వదిలేయండి. 1944లో హైడర్, సిమెల్ అనే మనస్తత్వ పరిశోధకులు ఒక చిన్న యానిమేషన్ చూపించారు. అందులో ఉన్నవి రెండు త్రిభుజాలు, ఒక వృత్తం, ఒక పెట్టె. చూసిన 34 మందిలో ఒక్కరు తప్ప అందరూ దాన్ని ప్రాణమున్నవాటి కథలా చెప్పారు. పెద్ద త్రిభుజం కొడుతోందన్నారు, వృత్తం భయపడుతోందన్నారు. త్రిభుజానికే మనసు అంటగట్టే ప్రేక్షకులు, నటి ముఖం ఖాళీగా ఉంచితే దాన్ని తమ భావాలతో నింపేస్తారు. అందుకే యంత్రం పాత్రధారికి నేనిచ్చే సూచన ఎప్పుడూ ఒకటే: బాధ చూపించొద్దు, బాధ లేదనీ చూపించొద్దు. చెప్పాల్సింది చెప్పి ఊరుకోండి.

దీని వల్ల అసలు బరువు మనిషి పాత్ర ఆడేవాళ్ల మీద పడుతుంది. ఆ యంత్రం ఎంత నిజమో మనకు చెప్పేది దాని వైపు చూస్తున్న మనిషి ముఖమే. బృందంలో అందరికన్నా మంచి నటులను మనిషి పాత్రకు పెట్టండి.

రిహార్సల్‌లో చేయించడానికి అభ్యాసం ఏదైనా ఉందా?

ఒకే సీనును నాటకంలోని ఇద్దరూ పాత్రలు మార్చుకుని ఆడాలి. ఎవరు యంత్రమో చెప్పకుండా, ఆ సీను తెలియని ఒకరిని కూర్చోబెట్టి చూపించాలి. చూసినవాళ్లు యంత్రం ఎవరనుకున్నారో, ఏ క్షణంలో అలా అనిపించిందో అడగాలి. వాళ్లు తప్పు చెప్పిన చోట్లే నాటకానికి బంగారం. అక్కడ మనిషి యంత్రంలా మాట్లాడి ఉంటాడు.

మనిషి లేకుండా గొంతు మాత్రమే వినిపిస్తే?

చేయొచ్చు. రికార్డు చేసి వాడకండి, అదొక్కటే షరతు. స్టేజీ మీద ఉన్న నటులు ఒక్కో ప్రదర్శనలో ఒక్కోలా ఆగుతారు. ఒకరోజు ప్రేక్షకులు నవ్వుతారు, ఒకరోజు నవ్వరు. రికార్డు చేసిన గొంతుకు ఇవేవీ తెలియవు. వింగ్‌లో (స్టేజీ పక్కన తెర చాటున) మైక్ పట్టుకుని కూర్చున్న నటికి స్టేజీ కనబడేలా ఏర్పాటు చేసి, ఆమె చేత ఎప్పటికప్పుడు పలికించండి. స్పీకర్‌ను ఎక్కడ పెడతారన్నదీ ముఖ్యమే. హాలంతా నిండే గొంతు దేవుడి గొంతవుతుంది. బల్ల మీది చిన్న స్పీకర్‌లోంచి వచ్చేది ఇంట్లో వస్తువు గొంతవుతుంది. రెండూ వేర్వేరు నాటకాలు.

నిజమైన రోబోను స్టేజీ మీదకు తీసుకురావచ్చా?

తెచ్చినవాళ్లున్నారు. జపాన్ దర్శకుడు ఒరిజా హిరాటా, ఒసాకా విశ్వవిద్యాలయంలో రోబోలు తయారుచేసే హిరోషి ఇషిగురో కలిసి 2008 నుంచి ఇలాంటి నాటకాలు చేశారు. 2010 నాటి 'సయొనారా'లో, చనిపోబోతున్న ఒక అమ్మాయికి మనిషిని పోలిన ఆండ్రాయిడ్ కవితలు చదివి వినిపిస్తుంది. దాని గొంతు, కదలికలు మాత్రం తెరవెనక ఉన్న ఒక నటివి. జర్మనీకి చెందిన రిమిని ప్రోటోకోల్ బృందం 2018లో 'అన్‌క్యానీ వ్యాలీ' అనే ప్రదర్శనలో రచయిత థామస్ మెలే బదులు అచ్చం ఆయనలా తయారుచేసిన యాంత్రిక బొమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది. స్టేజీ మీద ఆయన లేరు, ఆయన ప్రతిరూపమే మాట్లాడింది.

రెండూ నిజంగా గొప్ప ప్రయత్నాలు. మనిషికి మరీ దగ్గరగా వచ్చి కొంచెం తేడాతో ఆగిపోయిన రూపాన్ని చూస్తే మనకు కలిగే అసౌకర్యాన్ని 1970లో జపాన్ రోబో శాస్త్రవేత్త మసహిరో మోరి వివరించాడు. ఈ ప్రదర్శనలు ఆ అసౌకర్యాన్నే వాడుకున్నాయి. మీ కథకు అది కావాలంటేనే రోబో జోలికి వెళ్లండి. వింత చూపించడానికైతే అనవసరం. మొదటి ఐదు నిమిషాల తర్వాత వింత అరిగిపోతుంది, ఆ తర్వాత గంటసేపు నడిపించాల్సింది కథే.

ప్రదర్శన జరుగుతుండగా ఏఐతో లైవ్‌లో మాట్లాడించొచ్చా?

ఒకటి రెండు సీన్లకు ఫర్వాలేదు. కథకు ఆయువుపట్టు లాంటి సీనును మాత్రం దాని చేతిలో పెట్టకండి.

ఇబ్బందులు ముందే తెలుసుకోవాలి. హాల్లో జనం నిండగానే ఇంటర్నెట్ నెమ్మదిస్తుంది. జవాబు రావడానికి పట్టే రెండు మూడు సెకన్లు ఇంట్లో తెలియవు, స్టేజీ మీద చాలా పెద్దగా అనిపిస్తాయి. తెలుగు మాటలను గుర్తించడంలో, అందులోనూ పక్కన సంగీతం ఉంటే, తప్పులు వస్తాయి. అది ఎవరినైనా నొప్పించే మాట కూడా అనొచ్చు. కాబట్టి వీలైతే ఇంటర్నెట్ అక్కర్లేని చిన్న మోడల్‌ను సొంత కంప్యూటర్‌లో నడపండి. వచ్చిన జవాబును ముందు ఒక మనిషి చూసి, నొక్కితేనే బయటికి వినబడేలా పెట్టండి. ఏదీ పనిచేయకపోతే నటులు సీనును ముగించే దారి ముందే సాధన చేసి ఉండాలి. దీనికి కనీసం రెండు టెక్నికల్ రిహార్సల్స్ అదనంగా పెట్టుకోకపోతే ప్రదర్శన రోజు అందరికీ టెన్షన్ తప్పదు.

ఇంకో దారి ఉంది, నాకు ఇది ఎక్కువ నచ్చుతుంది. ఇంప్రొబోటిక్స్ అనే బృందం ఆశువుగా నాటకాలు ఆడుతుంది. అందులో ఒక నటుడికి ఏఐ ఇచ్చే మాటలు చెవిలోని ఇయర్‌ఫోన్‌లో వినబడతాయి. అతను ఆ మాటలే పలకాలి, వాటికి తగ్గ భావం తానే వెతుక్కోవాలి. తక్కినవాళ్లు దాన్ని నిజమైన మాటగా తీసుకుని జవాబివ్వాలి. మాట ఒకరిది, ఒళ్లు ఇంకొకరిది. మన విషయం మొత్తం ఆ ఒక్క నటుడిలో కనబడుతుంది.

నాటకాన్నే ఏఐ చేత రాయిస్తే?

ఇదీ జరిగింది. 'ఆర్.యు.ఆర్.'కు వందేళ్లు నిండిన సందర్భంగా ప్రాగ్‌లో పరిశోధకులు, రంగస్థల కళాకారులు కలిసి ఓపెన్‌ఏఐ సంస్థ పాత భాషా మోడల్ జీపీటీ-2 చేత రాయించిన నాటకం 2021 ఫిబ్రవరి 26న ఆన్‌లైన్‌లో ప్రదర్శితమైంది. దాదాపు 90 శాతం మాటలు మోడల్ రాసినవే. సీన్లను ఇద్దరి మధ్య సంభాషణలుగా నడపాల్సి వచ్చింది. ఏ సీను ఉంచాలో, ఏ వరుసలో పెట్టాలో మనుషులే తేల్చారు. తర్వాత వచ్చిన మోడల్స్ చాలా మెరుగుపడ్డాయి. పొడవైన సంభాషణ కూడా తడబడకుండా రాస్తాయి.

తడబడకపోవడమే నాకు లోపంగా కనబడుతుంది. నాటకంలో పాత్రలు అనుకున్నది అనవు. కోపం వచ్చినవాడు టీవీ సౌండ్ తగ్గించమంటాడు. ఏఐ రాసిన మొదటి ప్రతుల్లో పాత్రలు తమ మనసులో ఉన్నదంతా విడమర్చి చెప్పేస్తాయి. అందుకే నాటకంలో యంత్రం మాట్లాడే మాటల వరకు ఏఐ చేత రాయించుకుని, మనుషుల మాటలు మనుషులే రాయడం ఒక మంచి పద్ధతి. రెండు రకాల వాక్యాలకు ఉన్న తేడాను ప్రేక్షకుల చెవి పట్టేస్తుంది. అలా చేస్తే కరపత్రంలో ఆ సంగతి తప్పకుండా రాయండి. ప్రేక్షకులకు తెలుసుకునే హక్కు ఉంది.

అప్పుడు హక్కులు ఎవరివి?

దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో మనిషి రచయితగా లేని రచనకు కాపీరైట్ రాదని 2025 మార్చిలో అప్పీళ్ల కోర్టు ఒక కేసులో తీర్పు ఇచ్చింది. మనిషి ఏం రాశాడో, ఏం మార్చాడో తేదీలతో ప్రతులు దాచుకోవడం ఎక్కడైనా మంచిదే.

పాత నాటకాన్ని తిరిగి ఆడాలనుకుంటే ఇంకో జాగ్రత్త. చాపెక్ 1938లో చనిపోయారు కాబట్టి రచయిత మరణం తర్వాత 70 ఏళ్ల వరకే హక్కులు నడిచే దేశాల్లో కూడా ఆయన మూల నాటకం స్వేచ్ఛగా దొరుకుతుంది. దాని అనువాదాలకు మాత్రం ఆ అనువాదకుల హక్కులు ఇంకా ఉండొచ్చు. మీరు ఏ అనువాదం నుంచి తీసుకున్నారో చూసుకోండి.

చనిపోయినవాళ్ల గొంతును, బతికున్నవాళ్ల గొంతును కృత్రిమంగా తయారుచేసి వాడొచ్చా?

రాతపూర్వకమైన అనుమతి లేకుండా వాడకూడదు. చట్టం ఏమంటుందన్నది తర్వాత సంగతి. ఒకరి గొంతు వాళ్ల ఒంట్లో భాగం. కొద్ది సెకన్ల రికార్డింగ్‌తో గొంతును నకలు చేసే సాధనాలు వచ్చేశాయి కాబట్టి, చేయగలమా అన్న ప్రశ్నకు ఇక అర్థం లేదు. 2023లో 118 రోజులు సాగిన హాలీవుడ్ నటుల సమ్మెలో ముఖ్యమైన డిమాండ్లలో ఒకటి ఇదే: తమ డిజిటల్ ప్రతిరూపం వాడాలంటే తమ అంగీకారం, తమకు ప్రతిఫలం ఉండాలని. మనిషి ఉనికి గురించి నాటకం వేస్తూ ఒక మనిషి గొంతును అడక్కుండా తీసుకుంటే ఆ నాటకానికి విలువేముంటుంది?

అనుమతిలో ఏ సీనుకు, ఎన్ని ప్రదర్శనలకు, తర్వాత ఆ ఫైలును ఏం చేస్తారు అన్నవి రాయండి. చనిపోయినవాళ్ల విషయంలో కుటుంబంలో ఒక్కరు ఒప్పుకుంటే చాలనుకోకండి. అదే గొంతు విని ఇంకొకరు హాల్లో కుప్పకూలిపోవచ్చు.

తెలుగులో యంత్రం పాత్ర ఎలా మాట్లాడాలి?

మన భాష ఇక్కడ చాలా సాయం చేస్తుంది. యంత్రం అందరినీ 'మీరు' అంటుందా? ఇంట్లో పిల్లవాడు దాన్ని 'నువ్వు' అంటే, ముసలాయన 'ఏమ్మా' అని పిలిస్తే, కోడలు ఎప్పుడూ ఏమీ అనకుండా పని మాత్రం చెబితే, ఒక్కొక్కరికీ దానితో ఉన్న సంబంధం వివరించకుండానే తెలిసిపోతుంది. ఒక సీనులో అది 'మీరు' నుంచి 'నువ్వు'కు మారితే హాలంతా ఉలిక్కిపడాలి. ఆ మార్పును నాటకంలో ఒక్కసారికి దాచుకోండి.

ఇంకోటి. "వచ్చింది, చెప్పింది" అంటే వచ్చింది ఆమెనో, అదో తెలియదు. గొంతు ఆడదైనప్పుడు రచయిత సర్వనామం వాడకుండా సీన్ల కొద్దీ నడిపించి, ఒక పాత్ర నోటి నుంచి మొదటిసారి 'ఆమె' అనో 'అది' అనో రప్పించొచ్చు. అక్కడ కొట్లాట మొదలవ్వొచ్చు కూడా.

వాక్యాల విషయంలో, యంత్రానిది పూర్తి వాక్యం, మనుషులవి తెగిన వాక్యాలు అనే పద్ధతి మొదట్లో బాగుంటుంది. నాటకం సాగేకొద్దీ మనుషుల వాక్యాలు పూర్తికావడం మొదలైతే ఇంకా బాగుంటుంది.

ఫోన్‌లో జరిగే చాట్‌ను ఎలా చూపించాలి?

తల దించుకుని ఫోన్ చూసే నటుడి ముఖం ప్రేక్షకులకు పోతుంది. తెర మీద అక్షరాలు వేస్తే అందరూ చదవడంలో పడి నటుడిని చూడరు. యంత్రాన్ని ఆడే నటిని అతని పక్కనో వెనకనో నిలబెట్టి మాటలు పలికించడమే మంచిది. అక్షరాలు తప్పనిసరైతే ఆ కాసేపు స్టేజీ మీద ఇంకేమీ జరగనివ్వకండి.

టెక్నాలజీ రోజుకోలా మారుతోంది. నాటకం ఏడాదికే పాతబడిపోదా?

కంపెనీల పేర్లు, మోడళ్ల పేర్లు, తాజా వార్తలు డైలాగుల్లో పెడితే పాతబడుతుంది. అవసరం మీద రాస్తే పడదు. చాపెక్ ఊహించిన ఫ్యాక్టరీ పద్ధతి ఎక్కడా నిజం కాలేదు. పని మొత్తం ఇంకొకరి చేత చేయించుకున్న మనుషులకు ఏమవుతుందన్న ఆయన ప్రశ్న మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

ఫోన్ సరిగ్గా వాడటం రాని పెద్దవాళ్లకు అర్థమవుతుందా?

తప్పకుండా. ఇంట్లో వాళ్లు తమతో మాట్లాడటం మానేసి ఇంకెవరితోనో మాట్లాడుతున్నారన్న బాధ వాళ్లకు బాగా తెలుసు.

ముగింపు ఎలా ఉండాలి? యంత్రాన్ని ఆపేయడమేనా?

స్విచ్ ఆపేయడం, లైట్లు ఆరిపోవడం చాలాసార్లు చూశాం. చివరికి యంత్రం కన్నీరు పెట్టడం కూడా. ఈ రెండూ రచయిత వేసిన ప్రశ్నకు రచయితే తొందరపడి జవాబు చెప్పేయడం. మొదటిది "అది వస్తువే" అంటుంది, రెండోది "అదీ మనిషే" అంటుంది.

కథలోని మనిషి ఏం నిర్ణయించుకున్నాడో చూపించి ఆగండి. ఉత్తరం రాయించుకున్న ఆ తండ్రి, కొడుకు ఎదురుగా కూర్చున్నాక ఆ నాలుగు వాక్యాలు తనవి కాదని చెబుతాడా? చెబితే కొడుకు ఏమంటాడు? ఆ ఐదు నిమిషాలు రాయడం కష్టం. యంత్రం స్టేజీ మీద లేకపోయినా నడవాల్సిన సీను అది. అది బాగా కుదిరే దాకా మిగతా స్క్రిప్టు ఖరారు చేయకండి.

ప్రదర్శన తర్వాత చర్చ పెట్టాలా?

పెట్టండి, కానీ వెంటనే నిపుణుడి ఉపన్యాసంతో మొదలుపెట్టకండి. ఈ నాటకాలకు వచ్చేవాళ్లలో ఉద్యోగం పోతుందేమోనని భయపడేవాళ్లు, రాత్రిళ్లు చాట్‌బాట్‌తో మాట్లాడుకునేవాళ్లు, ఆత్మీయులను పోగొట్టుకున్నవాళ్లు ఉంటారు. పది నిమిషాల విరామం ఇచ్చి, మొదట ప్రేక్షకులను మాట్లాడనివ్వండి. ఏ పాత్ర మీద కోపం వచ్చిందని అడిగితే జనం తేలిగ్గా నోరు విప్పుతారు. యంత్రం పాత్ర ఆడిన నటిని వేషం తీసేసి, తన మామూలు బట్టల్లో, అందరితో పాటు కూర్చోబెట్టండి. ఆమెను చూడగానే ప్రశ్నలు వాటంతటవే వస్తాయి.